జింక్ బోర్డుపై వేగం, విద్యుత్తు: రెండింటినీ తూకంలో ఉంచే పద్ధతి

ప్రాసెసర్ కోర్లనూ, మనకు కావలసినట్లు మలచుకోగల ఎఫ్‌పీజీఏ భాగాన్నీ ఒకే సిలికాన్ ముక్క మీద పెట్టిన చిప్పులతో పని చేసేవారిలో ఎక్కువమంది ముందు వేగం సాధించేసి, విద్యుత్తు సంగతి ఆఖరున చూసుకుందామని అనుకుంటారు. ఆఖరుకు వచ్చేసరికి డిజైన్ అంతా బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి వారికి మిగిలే ఉపాయం ఒక్కటే, క్లాక్‌ను, అంటే చిప్పు నడిచే వేగాన్ని, తగ్గించడం. ఈ రకం చిప్పుల్లో ఆ ఒక్క ఉపాయంతో బ్యాటరీకి జరిగే మేలు చాలా స్వల్పం, ఒక్కోసారి శూన్యం. అలా ఎందుకు జరుగుతుందో, ఏ పని ముందు చేసి ఏది ఆఖరుకు వదిలిపెడితే ఫలితం ఉంటుందో ఈ వ్యాసంలో చెబుతాను.

ఉదాహరణకు జైలింక్స్ రూపొందించిన జింక్ కుటుంబాన్ని తీసుకుంటున్నాను. ఆ సంస్థ 2022 ఫిబ్రవరి నుంచి ఏఎండీలో భాగం. హైదరాబాద్‌లో దానికి అభివృద్ధి కేంద్రం ఉండటం వల్ల మన ఇంజినీర్లకు ఈ చిప్పులు బాగా పరిచయం. పేరు వినగానే లోహం గుర్తుకు వస్తుంది గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ కుటుంబంలోని చిన్న చిప్పుల్లో ఒకటైన జింక్-7020లో రెండు కార్టెక్స్ ఏ9 కోర్లు, 53,200 ఎల్‌యూటీలు (లాజిక్‌ను మలిచే చిన్న పట్టికలు), 220 డీఎస్పీ స్లైసులు (గుణకారాలు చేసే భాగాలు), 36 కిలోబిట్ల బ్లాక్ ర్యామ్‌లు (చిప్పు లోపలి మెమరీ ముక్కలు) 140 ఉంటాయి. జెడ్‌సీయూ102 బోర్డు మీద కనిపించే జెడ్‌యూ9ఈజీ అనే పెద్ద చిప్పు అల్ట్రాస్కేల్ ప్లస్ తరానిది. దానిలో నాలుగు ఏ53 కోర్లు, రెండు ఆర్5 కోర్లు, 2,74,080 ఎల్‌యూటీలు, 2,520 డీఎస్పీ స్లైసులు ఉంటాయి. వ్యాసం పొడుగునా ఒకే పనిని చూద్దాం: 1920×1080 కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తుంది, ప్రతి ఫ్రేమును నలుపు తెలుపులోకి మార్చి, మసకబరిచి, అంచులు వెతకాలి, ఆ తర్వాత ఏ53 కోరు మీద కొంత నిర్ణయం జరగాలి. ఇదంతా 33.3 మిల్లీసెకన్ల లోపు పూర్తి కావాలి.

మొదట ఏది కొలవాలో తేల్చుకోండి

కరెంటు బిల్లు ఎప్పుడైనా యూనిట్ల లెక్కన వస్తుంది, వాట్ల లెక్కన రాదు. ట్యాంకు నింపడానికి ఒక హార్స్‌పవర్ మోటారు రెండు గంటలు నడిచినా, రెండు హార్స్‌పవర్ల మోటారు ఒక గంట నడిచినా మీటరు తిరిగేది దాదాపు ఒకటే. చిప్పు విషయంలోనూ అంతే. వాట్ అనేది ఆ క్షణంలో ఎంత గుంజుతోందో చెబుతుంది, జౌల్ అనేది పని ముగిసేసరికి మొత్తం ఎంత ఖర్చయిందో చెబుతుంది. బ్యాటరీ మీద నడిచే పరికరమైతే మీరు చూడవలసినది ఫ్రేముకు ఎన్ని మిల్లీజౌళ్లు అనే అంకె. ఫ్యాను లేకుండా మూసి ఉన్న పెట్టెలో చిప్పు కూర్చుంటే వేడి ముఖ్యం కాబట్టి అప్పుడు వాట్లకే ప్రాధాన్యం. ఈ రెండింటినీ కలిపి 'తక్కువ పవర్' అని ఒకే మాటతో స్పెసిఫికేషన్‌లో రాసుకున్న ప్రాజెక్టులలో మూడు నెలల తర్వాత ఎవరు ఏది తగ్గించారో ఎవరికీ అర్థం కాని పరిస్థితి వస్తుంది. శక్తినీ కాలాన్నీ గుణించి చూసే కొలమానం కూడా ఒకటి ఉంది. రెండు డిజైన్లను పోల్చడానికి అది బాగుంటుంది గానీ, మన పనికి గడువు ముందే నిర్ణయమై ఉంది. గడువు కన్నా ముందే ముగించినందుకు ఎవరూ బహుమతి ఇవ్వరు కాబట్టి, గడువు దాటకుండా ఫ్రేముకు అతి తక్కువ జౌళ్లు అన్నదే ఇక్కడ సరైన లక్ష్యం.

క్లాక్ తగ్గిస్తే నిజంగా ఏమవుతుంది

సర్క్యూట్ మారుతున్నప్పుడు ఖర్చయ్యే పవర్ కెపాసిటెన్స్‌కు, క్లాక్‌కు, వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. దీనికి తోడు ఏ పనీ చేయకున్నా నిరంతరం లీకయ్యే పవర్ వేరే ఉంటుంది. సూత్రంలో క్లాక్ కనిపిస్తోంది కదా, దాన్ని సగం చేస్తే ఖర్చు సగం అవుతుందని అనిపిస్తుంది. సగమయ్యేది వాట్లు మాత్రమే. పని రెట్టింపు సేపు సాగుతుంది కనుక జౌళ్లు అక్కడే ఉంటాయి.

అంకెలతో చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవే, మీ బోర్డుకు మీరు కొలుచుకోవాలి. లీకేజీ 2 వాట్లు, 200 మెగాహెర్ట్‌జ్ దగ్గర పని చేసేటప్పటి అదనపు పవర్ 3 వాట్లు, ఫ్రేము పూర్తయ్యేది 10 మిల్లీసెకన్లలో అనుకుందాం. పని జరిగే 10 మిల్లీసెకన్లకు 50 మిల్లీజౌళ్లు, మిగిలిన 23.3 మిల్లీసెకన్ల లీకేజీకి 46.7 కలిపి ఫ్రేముకు 96.7 మిల్లీజౌళ్లు. ఇప్పుడు క్లాక్‌ను 100కు దించితే పని 20 మిల్లీసెకన్లు పడుతుంది, దానికి 70 మిల్లీజౌళ్లు, మిగిలిన 13.3 మిల్లీసెకన్లకు 26.7, మళ్లీ మొత్తం 96.7. ఒక్క మిల్లీజౌల్ కూడా మిగల్లేదు. పైగా ఖాళీ సమయంలో ఆ భాగాన్ని పూర్తిగా ఆర్పేయగలిగితే వేగంగా ముగించిన డిజైన్‌కు 50, నిదానంగా నడిచినదానికి 70 అవుతుంది. అంటే పరుగెత్తి పడుకున్నవాడే గెలిచాడు.

వోల్టేజీ కూడా దిగితే కథ వేరు, ఎందుకంటే అది వర్గంలో ఉంది. కానీ జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్‌కు లినక్స్ డివైస్ ట్రీ ఫైలు (బోర్డులో ఏముందో లినక్స్‌కు చెప్పే వివరణ) తెరిచి ఏ53 కోర్ల పట్టిక చూడండి. సుమారు 1200, 600, 400, 300 మెగాహెర్ట్‌జ్ అని నాలుగు వరసలు ఉంటాయి, నాలుగింటి పక్కనా వోల్టేజీ అంకె మాత్రం ఒక్కటే. సెల్‌ఫోన్ చిప్పులకు అలవాటుపడినవారు క్లాక్ దిగితే వోల్టేజీ దానంతట అదే దిగుతుందని అనుకుంటారు, ఇక్కడ అది జరగదు. ఆ పట్టిక నాలుగు కోర్లకూ ఉమ్మడి కూడా. ఒక కోరును వేగంగా నడిపితే మిగిలిన మూడూ అదే క్లాక్ మీద ఉంటాయి.

అయినా క్లాక్ తగ్గించడం పనికివచ్చే సందర్భాలు లేకపోలేదు. కోరు ఎక్కువ సమయం డీడీఆర్ (చిప్పు బయటి ప్రధాన మెమరీ) నుంచి డేటా కోసం ఎదురుచూస్తూ ఉంటే, దాని క్లాక్ దించినా పని ఆలస్యం కాదు, వృథాగా తిరిగే సైకిళ్లు మాత్రం తగ్గుతాయి. వేడి పరిమితి దాటకూడదన్నప్పుడు కూడా అదే దారి.

కొలత సరిగా లేకపోతే మిగతాదంతా ఊహే

ఈ చిప్పులకు డిజైన్ చేసే వివాడో సాఫ్ట్‌వేర్ ఇచ్చే పవర్ రిపోర్టును చూసి డిజైన్ల మధ్య ఎంపిక చేయడం నేను చూసిన పొరపాట్లలో అతి సాధారణమైనది. మీరు ఏమీ చెప్పకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి సిగ్నలూ 12.5 శాతం చొప్పున మారుతోందని అనుకుని లెక్క వేస్తుంది. అసలైన చిత్రాల మీద మీ మసకబరిచే ఫిల్టర్ ఎలా ప్రవర్తిస్తుందో దానికి తెలియదు. కాబట్టి నిజమైన కొన్ని ఫ్రేములతో సిమ్యులేషన్ నడిపి, సిగ్నళ్ల మార్పులను సైఫ్ ఫైలుగా రాయించి, దాన్ని రిపోర్టుకు అందించండి. రిపోర్టులో నమ్మకం స్థాయి అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ 'తక్కువ' అని ఉన్నంతకాలం ఆ అంకెను మీటింగులో చూపించకండి.

బోర్డు మీద కొలవడం ఇంకా మేలు. జెడ్‌సీయూ102లో ఒక్కో సరఫరా లైనుకు ఐఎన్ఏ226 అనే కొలమాన చిప్పులు ఉన్నాయి, వాటిని ఐ2సీ అనే రెండు తీగల లైను ద్వారా చదవవచ్చు. ఇదే తరానికి చెందిన కేవీ260 బోర్డులో మాడ్యూల్ మొత్తానికి కలిపి ఒక ఐఎన్ఏ260 ఉంటుంది కనుక అక్కడ ఏ53 ఎంత, ఎఫ్‌పీజీఏ భాగం ఎంత అని విడదీయడం కుదరదు. ఒకటి ఆర్పి, ఒకటి వెలిగించి తేడా చూసుకోవాలి.

ఇక్కడ నాకు ఎదురైన ఒక సంగతి చెప్పాలి. కోర్లు నిద్రలోకి వెళ్లే ఏర్పాటు చేసి, ఫలితం కోసం మిల్లీసెకనుకు ఒకసారి సెన్సార్ చదివే చిన్న ప్రోగ్రాము అదే బోర్డు మీద నడిపాను. రెండు రోజులు కుస్తీ పట్టినా పవర్ ఏమాత్రం తగ్గలేదు. కోరు పడుకోబోయినప్పుడల్లా నా కొలత ప్రోగ్రామే దాన్ని తట్టి లేపుతోందని తర్వాత తెలిసింది. ఐఎన్ఏ226 తనంతట తానే 1024 నమూనాల వరకు సగటు కట్టగలదు. ఆ సగటును వాడుకుని సెకనుకు ఒకటి రెండుసార్లు చదవండి, లేదా కొలతను బయట మరో కంప్యూటరుకు అప్పగించండి.

ఉష్ణోగ్రతను కూడా పక్కన రాసుకోవాలి. లీకేజీ వేడితో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. ఉదయం ఏసీ గదిలో బోర్డు వెలిగించిన వెంటనే తీసిన అంకెకూ, మే నెల మధ్యాహ్నం గంటసేపు నడిచాక తీసిన అంకెకూ వచ్చే తేడాను మీ ఆప్టిమైజేషన్ ఫలితమని పొరబడే అవకాశం ఉంది. చిప్పు లోపలి ఉష్ణోగ్రత నిలకడకు వచ్చేదాకా ఆగి, ఆ డిగ్రీలతో సహా నమోదు చేయండి.

డేటా ప్రయాణాన్ని తగ్గించడం

వేగమూ విద్యుత్తూ ఒకదానితో ఒకటి పోట్లాడని చోటు ఏదైనా ఉంటే అది ఇదే, అందుకే ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించమంటాను. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల సాంకేతికతకు ఇచ్చిన అంచనాలు ఈ రంగంలో అందరికీ కంఠస్థం. 32 బిట్ల పూర్ణాంకాల కూడికకు 0.1 పికోజౌల్ చాలు, బయటి డ్రామ్ (డీడీఆర్ ఆ రకం మెమరీయే) నుంచి ఒక పదం తేవడానికి 1300 నుంచి 2600 పికోజౌళ్లు కావాలి. ఇప్పటి సాంకేతికతలో అంకెలు మారి ఉండవచ్చు గానీ నిష్పత్తి స్వభావం అదే. ఇంట్లో చిటికెడు ఉప్పు కోసం ప్రతిసారీ సంతకు వెళ్లి వచ్చినట్లు ఉంటుంది డీడీఆర్ వ్యవహారం.

మన ఉదాహరణకు దీన్ని అన్వయిద్దాం. చాలామంది మొదటి డిజైన్‌లో ప్రతి దశనూ వేరు బ్లాకుగా రాసి, ఒక్కొక్కటీ డీడీఆర్ నుంచి చదివి మళ్లీ డీడీఆర్‌లోనే రాసేలా చేస్తారు, పరీక్షించడం తేలిక కాబట్టి. కెమెరా పిక్సెల్‌కు 2 బైట్లు రాస్తుంది. నలుపు తెలుపు దశ 2 చదివి 1 రాస్తుంది. మసకబరిచే దశ 1 చదివి 1 రాస్తుంది, అంచుల దశ కూడా అంతే. మొత్తం పిక్సెల్‌కు 9 బైట్లు. ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు, సెకనుకు 30 ఫ్రేములు, వెరసి సెకనుకు దాదాపు 560 మెగాబైట్లు డీడీఆర్ గుమ్మం దాటుతున్నాయి. అదే మూడు దశలనూ ఏఎక్స్ఐ స్ట్రీమ్‌తో (బ్లాకు నుంచి బ్లాకుకు డేటాను నేరుగా పంపే దారి) గొలుసులా కలిపి, కెమెరా నుంచి వచ్చిన పిక్సెల్‌ను నేరుగా లోపలికి పంపితే, డీడీఆర్‌కు చేరేది ఆఖరి ఫలితం మాత్రమే: పిక్సెల్‌కు 1 బైటు, సెకనుకు 62 మెగాబైట్లు. తొమ్మిదో వంతు.

దీనికి చిప్పు లోపల అయ్యే జాగా ఎంతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 3×3 ఫిల్టర్‌కు పాత వరసలు రెండు గుర్తుంటే సరిపోతుంది. ఒక వరస 1920 బైట్లు. 36 కిలోబిట్ల బ్లాక్ ర్యామ్‌ను రెండు సగాలుగా వాడుకుంటే ఒక్కో సగంలో 2048 బైట్లు పడతాయి కనుక, ఒక ఫిల్టర్‌కు ఒకే ఒక బ్లాక్ ర్యామ్ చాలు. మసకబరిచే దశకు ఒకటి, అంచుల దశకు ఒకటి, చిన్న 7020లో ఉన్న 140లో కేవలం రెండు ఖర్చు. సోబెల్ పద్ధతిలో అంచులు వెతికితే గుణకారం కూడా అక్కర్లేదు, రెట్టింపు చేయడమంటే ఒక బిట్ జరపడమే కాబట్టి డీఎస్పీ స్లైసులను ముట్టుకోనే అక్కర్లేదు.

కోర్లకూ ఎఫ్‌పీజీఏ భాగానికీ మధ్య ఏ తలుపు వాడాలన్నది తర్వాతి ప్రశ్న. హెచ్‌పీ పోర్టులు నేరుగా డీడీఆర్ వైపు వెళతాయి, క్యాషెతో (కోర్ల పక్కనుండే చిన్న, వేగవంతమైన మెమరీ) సంబంధం పెట్టుకోవు. పెద్ద ప్రవాహాలకు అవే సరి. కానీ కోరు రాసిన డేటాను యాక్సిలరేటర్ (ఎఫ్‌పీజీఏ భాగంలో మనం మలిచిన సర్క్యూట్) చదవాలంటే ముందు క్యాషెను సాఫ్ట్‌వేర్ ఖాళీ చేయాలి, ఆ పనికీ సమయమూ శక్తీ అవుతాయి. ఏసీపీ పోర్టు క్యాషె గుండా పోతుంది కనుక కొద్ది కిలోబైట్ల చిన్న మార్పిడులకు బాగుంటుంది. దాని గుండా పూర్తి ఫ్రేములను తోస్తే కోర్ల డేటా క్యాషెలోంచి బయటకు నెట్టుకుపోయి అసలుకే మోసం వస్తుంది.

అంకెల వెడల్పు, సమాంతరత, వోల్టేజీ

హోరోవిట్జ్ పట్టికలోనే 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ గుణకారానికి 3.7 పికోజౌళ్లు, 8 బిట్ల పూర్ణాంక గుణకారానికి 0.2 పికోజౌల్ అని ఉంటుంది. నిర్ణయం తీసుకునే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను కోరు నుంచి ఎఫ్‌పీజీఏ భాగానికి తెచ్చేటట్లయితే, ముందు దానిని 8 బిట్లకు కుదించి కచ్చితత్వం ఎంత పడిపోయిందో చూడండి. అల్ట్రాస్కేల్ ప్లస్‌లోని డీఎస్పీ స్లైసులో 27×18 గుణకారి ఉంటుంది. ఒక సంఖ్య ఉమ్మడిగా ఉంటే రెండు 8 బిట్ల గుణకారాలను ఒకే స్లైసులో ఇమిడించవచ్చు. ఒక శాతం కచ్చితత్వం కోసం ఫ్లోటింగ్ పాయింట్‌ను పట్టుకు వేలాడటం నా దృష్టిలో దండగ, వైద్య పరికరాల వంటి చోట్ల తప్ప.

సమాంతరత గురించి ఒక అపోహ తొలగాలి. మన కెమెరాకు క్లాక్‌కు ఒక పిక్సెల్ చొప్పున నడిపితే ఖాళీ వ్యవధులతో కలిపి 74.25 మెగాహెర్ట్‌జ్ కావాలి, రెండు పిక్సెళ్ల చొప్పున నడిపితే దానిలో సగం చాలు. కానీ వోల్టేజీ మారనంతవరకు రెండో డిజైన్ స్విచింగ్ శక్తిని ఆదా చేయదు, అదే పనిని రెట్టింపు హార్డ్‌వేర్ సగం వేగంతో చేస్తోంది, అంతే. చంద్రకాసన్, షెంగ్, బ్రోడర్సన్ 1992లో సమాంతరతతో విద్యుత్ ఆదా చేయవచ్చని చూపించినప్పుడు వారి వాదానికి ఆయువుపట్టు వోల్టేజీయే: సమాంతరంగా చేస్తే నిదానంగా నడవవచ్చు, నిదానంగా నడవవచ్చు కాబట్టి వోల్టేజీ దించవచ్చు. రెండో అడుగు వేయకుండా మొదటి అడుగు దగ్గరే ఆగిపోతే జాగా దండగవుతుంది.

ఆ రెండో అడుగు ఈ కుటుంబంలో వేయవచ్చు గానీ చిప్పు కొనేటప్పుడే నిర్ణయించుకోవాలి. అల్ట్రాస్కేల్ ప్లస్ ఎఫ్‌పీజీఏ భాగానికి మామూలు వోల్టేజీ 0.85. మైనస్ 1ఎల్ఐ, మైనస్ 2ఎల్ఈ అనే గ్రేడు చిప్పులను మాత్రం 0.72 వోల్టుల దగ్గర కూడా నడపవచ్చు. వర్గాల నిష్పత్తి కడితే స్విచింగ్ శక్తిలో 28 శాతం తగ్గుతుంది, మన పాత లెక్కలో 3 వాట్ల చొప్పున 10 మిల్లీసెకన్లకు అయిన 30 మిల్లీజౌళ్లు 21.5కు దిగుతాయి, లీకేజీ కూడా తగ్గుతుంది. బదులుగా లాజిక్ నెమ్మదిస్తుంది కనుక వివాడోలో అదే గ్రేడు, అదే వోల్టేజీ ఎంచుకుని టైమింగ్ కుదిరేలా చూడాలి. ఇక్కడే రెండు పిక్సెళ్ల డిజైన్ అక్కరకు వస్తుంది. మామూలు గ్రేడు చిప్పున్న బోర్డు మీద రెగ్యులేటరును దించి చూద్దామనే సరదా మాత్రం వద్దు. బల్ల మీద నడిచిన బోర్డు ఎండలో పెట్టిన పెట్టెలో నడుస్తుందన్న హామీ లేదు.

దీనితోపాటు చిన్న చిప్పుతో సరిపెట్టుకోగలరేమో చూడండి. మీరు వాడని ఎల్‌యూటీలు కూడా లీకవుతూనే ఉంటాయి. ముందుచూపుతో పెద్దది కొన్నామనేవారు ఆ ముందుచూపుకు ప్రతి సెకనూ అద్దె కడుతున్నట్లే. డిజైన్ లోపల పొడవైన లాజిక్ దారుల మధ్య ఒక రిజిస్టరు వేస్తే టైమింగ్ ఒక్కటే కాదు, తుది విలువ స్థిరపడేలోపు సిగ్నళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల అయ్యే వృథా కూడా తగ్గుతుంది. ఫ్రేముల మధ్య ఖాళీలో యాక్సిలరేటర్ క్లాక్‌ను బఫ్‌జీసీఈ అనే క్లాక్ స్విచ్చుతో ఆపండి, బ్లాక్ ర్యామ్‌ల ఎనేబుల్‌ను ఎప్పుడూ ఒకటికి కట్టేయకండి.

నిద్రపుచ్చడం

పరుగెత్తి పడుకోవడమే లాభమని పైన తేలింది కాబట్టి, పడుకోనిచ్చే ఏర్పాటు కావాలి. అదే డివైస్ ట్రీలో ఏ53 నిద్ర స్థితికి మూడు అంకెలు ఉంటాయి: లోపలికి వెళ్లడానికి 300 మైక్రోసెకన్లు, బయటకు రావడానికి 600, కనీసం 10,000 మైక్రోసెకన్లు నిద్రపోతేనే లాభం. అంటే 10 మిల్లీసెకన్ల ఎడతెగని ఖాళీ దొరుకుతుందని అంచనా ఉంటేనే లినక్స్ ఆ కోరును ఆర్పుతుంది.

ఇప్పుడు మీ డీఎంఏ (కోరు ప్రమేయం లేకుండా డేటా మోసే భాగం) ఎన్నిసార్లు ఇంటరప్టు (కోరును పిలిచే సంకేతం) ఇస్తోందో చూడండి. వరసకొక ఇంటరప్టు పెట్టుకుంటే సెకనుకు 32,400 ఇంటరప్టులు, అంటే ప్రతి 31 మైక్రోసెకన్లకు ఒకటి. ఇక ఆ కోరుకు కునుకు పట్టే మాటే లేదు. ఫ్రేముకొక ఇంటరప్టుగా మార్చి, కోరు చేయవలసిన 5 మిల్లీసెకన్ల పనిని ఒకే విడతలో ముగిస్తే 28 మిల్లీసెకన్లు ఖాళీగా మిగులుతుంది, నిద్ర హాయిగా పడుతుంది. ఈ ఒక్క మార్పుకు హార్డ్‌వేర్‌లో ముట్టుకోవలసినది దాదాపు ఏమీ ఉండదు. పనిని నాలుగు కోర్లకూ సమానంగా పంచడం కూడా ఇక్కడ పుణ్యం కాదు. గడువు సరిపోతే ఒకే కోరుకు కట్టి, మిగతా మూడింటినీ ఆర్పేయండి. క్లాక్ ఎలాగూ ఉమ్మడి, వోల్టేజీ ఎలాగూ మారదు.

దీర్ఘ విరామాలకు అల్ట్రాస్కేల్ ప్లస్‌లో ఇంకా లోతైన నిద్రలు ఉన్నాయి. చిప్పు నాలుగు పవర్ డొమైన్లుగా విభజించి ఉంటుంది: బ్యాటరీ, లో పవర్, ఫుల్ పవర్, ఎఫ్‌పీజీఏ భాగం. వీటిని ఆర్పడం, వెలిగించడం పీఎంయూ అనే ప్రత్యేక ప్రాసెసర్ చూసుకుంటుంది. రాత్రిపూట కదలిక లేనప్పుడు ఏ53 కోర్లున్న ఫుల్ పవర్ డొమైనునూ, ఎఫ్‌పీజీఏ భాగాన్నీ ఆర్పేసి, లో పవర్ డొమైనులోని ఆర్5 కోరును కాపలా పెట్టవచ్చు. డీడీఆర్ కంట్రోలర్ ఫుల్ పవర్ వైపు ఉంటుంది కనుక ఆ కాపలా ప్రోగ్రాము ఆర్5కు దగ్గరగా ఉన్న టీసీఎం అనే మెమరీలోనో, 256 కిలోబైట్ల ఆన్‌చిప్ మెమరీలోనో ఇమడాలి. డీడీఆర్‌లోని సమాచారం అవసరమైతే ముందే దానిని సెల్ఫ్ రిఫ్రెష్‌లో (తన సమాచారాన్ని తానే నిలుపుకునే స్థితి) పెట్టాలి. ఎఫ్‌పీజీఏ భాగం ఆరిపోతే అందులోని కాన్ఫిగరేషన్ కూడా పోతుంది, లేచాక బిట్‌స్ట్రీమ్ (ఆ కాన్ఫిగరేషన్ ఉన్న ఫైలు) మొత్తం మళ్లీ ఎక్కించాలి. అందుకయ్యే శక్తిని, ఆర్పినందువల్ల సెకనుకు మిగిలే శక్తితో భాగిస్తే ఎంతసేపు ఆర్పి ఉంచితే గిట్టుబాటో తెలుస్తుంది. ఎక్కించడానికి 0.3 జౌల్, ఆదా 1 వాట్ అనుకుంటే 0.3 సెకను దాటిన ప్రతి విరామమూ లాభమే.

హార్డ్‌వేర్‌ను మార్చుకోవడం ఎప్పుడు గిట్టుబాటు

నడుస్తున్న చిప్పులో కొంత భాగాన్ని మరో యాక్సిలరేటర్‌గా మార్చేయగలగడం ఈ చిప్పుల ప్రత్యేకత. ఎంతో ఆకర్షణీయమైన సదుపాయం కావడం వల్ల అనవసరంగా వాడేది కూడా దీన్నే. 7020 పూర్తి బిట్‌స్ట్రీమ్ 40,45,564 బైట్లు. ప్రాసెసర్ వైపు నుంచి ఎక్కించే పీక్యాప్ అనే దారి సిద్ధాంతరీత్యా సెకనుకు 400 మెగాబైట్లు అంటుంది, ఆచరణలో దొరికేది సుమారు 145. ఆ లెక్కన పూర్తి బిట్‌స్ట్రీమ్‌కు 28 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక ఫ్రేము సమయం. నాలుగో వంతు భాగాన్ని మాత్రమే మార్చితే సుమారు 7 మిల్లీసెకన్లు పడుతుంది.

ప్రతి ఫ్రేములో రెండుసార్లు అలా మార్చితే 33.3లో 14 మిల్లీసెకన్లు మార్పిడికే పోతాయి. 30 ఫ్రేములను ఒక మూటగా కట్టి సెకనుకు రెండే మార్పులు చేస్తే నష్టం 1.4 శాతానికి దిగుతుంది, నిజమే. కానీ ఆ 30 ఫ్రేములను దాచడానికి 124 మెగాబైట్ల డీడీఆర్ కావాలి, ఫలితం ఒక సెకను ఆలస్యంగా వస్తుంది, అన్నింటికీ మించి ఇందాక కష్టపడి తగ్గించిన డీడీఆర్ ప్రయాణాన్ని మళ్లీ కొనితెచ్చుకున్నట్లవుతుంది.

శక్తి లెక్క కూడా వేద్దాం. మార్పిడి జరిగే 7 మిల్లీసెకన్లూ చిప్పు 2.5 వాట్లు తీసుకుంటోందని అనుకుంటే ఒక్క మార్పుకు 17.5 మిల్లీజౌళ్లు. క్లాక్ ఆపి పక్కన కూర్చోబెట్టిన రెండో యాక్సిలరేటర్ అదనంగా 5 మిల్లీవాట్లు తింటోందనుకుంటే, 3.5 సెకన్ల కన్నా తరచుగా మార్చేవారికి నష్టమే, రెండింటినీ చిప్పులో ఉంచుకోవడం మేలు. అందుచేత పగటి ఫిల్టర్, రాత్రి ఫిల్టర్ వంటి స్థితుల మార్పుకు దీన్ని వాడండి, ఫ్రేము లోపలి దశలకు వాడకండి. అసలు లాభం మరొకచోట ఉంది: రెండు యాక్సిలరేటర్లు వంతులవారీగా ఒకే జాగాలో ఉండగలిగితే ఒక మెట్టు చిన్న చిప్పు సరిపోతుంది, పైన చెప్పిన అద్దె తగ్గుతుంది. మార్చే ముందు ఆ భాగంతో నడుస్తున్న ఏఎక్స్ఐ లావాదేవీలన్నీ పూర్తయ్యాయో లేదో చూసి, దాని సరిహద్దు సిగ్నళ్లను డీకప్లర్‌తో విడదీయాలి. లేకపోతే సగంలో తెగిన ఒక్క లావాదేవీ చాలు, డేటా దారి (బస్) మొత్తం బిగుసుకుపోయి రీసెట్ తప్ప వేరే గతి ఉండదు.

ఆఖరున గవర్నర్

ఇవన్నీ అయ్యాకే లినక్స్‌లో కోర్ల క్లాక్‌ను నిర్ణయించే ఫ్రీక్వెన్సీ గవర్నర్ జోలికి వెళ్లండి. 2016లో 4.7 కెర్నెల్‌తో వచ్చిన షెడ్‌యుటిల్ అనే గవర్నర్ పని భారాన్ని బట్టి క్లాక్ మారుస్తుంది. భారం ఎప్పుడు పెరుగుతుందో తెలియని కంప్యూటర్లకు అది మంచిదే. మన కెమెరా పని ప్రతి 33.3 మిల్లీసెకన్లకూ ఒకే తీరున వస్తుంది కాబట్టి యూజర్‌స్పేస్ గవర్నర్ (క్లాక్‌ను మనమే నిర్ణయించేది) పెట్టి, నాలుగు క్లాకుల దగ్గరా ఫ్రేముకు మిల్లీజౌళ్లను, అతి ఎక్కువ పట్టిన ఫ్రేము సమయాన్ని విడివిడిగా రాసుకుని, గడువులో ఇమిడినవాటిలో తక్కువ ఖర్చుదాన్ని శాశ్వతం చేయండి. సగటు సమయాన్ని చూసి నిర్ణయిస్తే పదివేలలో ఒక ఫ్రేము జారిపోవచ్చు. కోరు డీడీఆర్ కోసం ఎదురుచూసే పనులలో 600 దగ్గర, లెక్కలు ఎక్కువగా ఉండే పనులలో 1200 దగ్గర ఉత్తమ ఫలితం వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ కొలతను పెట్టె మూత బిగించి, గంటసేపు నడిపిన తర్వాతే తీయండి.